తిరుపతి నుంచి సైకిల్ మీద ఒక్కడినే, కొండల్లో ఒక రాత్రి టెంట్ వేసుకోవాలి: యాడికి పోతే మంచిది?

తిరుపతి_పెడల్:

అందరికీ నమస్తే. మాది తిరుపతే, భవానీనగర్ పక్కన. రెండేళ్ళుగా పొద్దున్నే సైకిల్ తొక్కుతా ఉండా, ఆదివారం అయితే శ్రీకాళహస్తి దాకా పోయి టిఫిన్ చేసి మళ్ళీ వచ్చేస్తా, అది పోనూ రానూ డెబ్బై ఐదు దాకా అవుతాది, పెద్ద కష్టం అనిపించదు. ఇప్పుడు మనసంతా ఒకదాని మీదే ఉండాది. ఒక్కడినే సామాన్లు కట్టుకుని సాయంత్రానికి ఏదో ఒక కొండ కింద టెంట్ వేసుకుని, రాత్రి ఆడనే పడుకుని తెల్లారి లేచి రావాలి. ఒక్క రాత్రి చాలు. ఫ్రెండ్స్‌ని అడిగితే బైకుల్లో అయితే వస్తాం అంటారు, నాకేమో సైకిలే కావాల. ఎవరి కోసమో ఆగి ఆగి రెండు సంవత్సరాలు అయిపోయినాయి, అందుకే ఒక్కడినే పోదామని.

నేను అనుకున్నది తలకోన. భాకరాపేట మీదుగా నెరబైలు, ఆడి నుంచి తలకోన, మొత్తం అరవై లోపే కదా, మధ్యాన్నం బయల్దేరితే చీకటి పడేలోపు పోవచ్చు. జలపాతం దగ్గర యాడన్నా చెట్ల కింద టెంట్ వేసుకోవచ్చా? లేదంటే హార్స్‌లీ హిల్స్ అనుకున్నా కానీ అది నూట యాభై దాకా వస్తాది, పైగా తిరుపతి ఉండేది 160 మీటర్ల ఎత్తులో, ఆ కొండేమో పన్నెండు వందల మీటర్ల పైన, సామానుతో ఒక్క రోజులో నావల్ల అవుతుందో కాదో తెలీడం లేదు.

నాది మామూలు హైబ్రిడ్, ముందు మూడు వెనక ఏడు. క్యారియర్ ఉండాది. టెంట్ ఒకటి కొన్నా, ఇద్దరు పట్టేది, రెండున్నర కిలోలు. ఇంక ఏమేం కావాల, అడవిలో ఏనుగులు చిరుతల సంగతి ఏంది, ఇంట్లో అమ్మకి ఎట్ల చెప్పాల, ఇదంతా అనుభవం ఉండేవాళ్ళు చెప్తే వింటా. సంక్రాంతి అయినాక రెండో శనివారం పోదామని ప్లాన్.

భాకరాపేట_వాడు:

తమ్ముడూ, ముందు తలకోన మాట మర్చిపో, తర్వాత మిగతాది మాట్లాడుకుందాం. కోపంగా చెప్పడం లేదు, మా నాయన ఆ అడవిలోనే వాచరుగా చేసినాడు, నేను ఆ చెట్ల మధ్యనే పెరిగినా, అందుకే చెప్తా ఉండా.

తలకోన ఉండేది శ్రీవేంకటేశ్వర నేషనల్ పార్కు లోపల. 1989లో పార్కు చేసినారు, 2010లో శేషాచలం మొత్తాన్ని బయోస్ఫియర్ రిజర్వు అన్నారు. నేషనల్ పార్కులో పర్మిషన్ లేకుండా రాత్రి ఉండడం వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం, ఇది ఎవరో గార్డు బెదిరించడానికి చెప్పే మాట కాదు. దానికి తోడు అది ఎర్రచందనం అడవి. రాత్రిపూట లైటు వేసుకుని సామాను మూటలతో ఒక్కడే మనిషి కనపడితే కూంబింగ్ చేసే టాస్క్‌ఫోర్స్ వాళ్ళు నిన్ను టూరిస్టు అనుకోరు. చెట్లు కొట్టే వాళ్ళకి ఎదురుపడినా అంతే, వాళ్ళు నిన్ను ఇన్‌ఫార్మర్ అనుకుంటారు. ఎట్ల చూసినా నీకే ప్రమాదం. తలకోనలోనే రాత్రి ఉండాలని గట్టిగా ఉంటే ఎకో టూరిజం వాళ్ళ రూములు ఉండాయి, ముందే బుక్ చేసుకుని చెక్‌పోస్టులో చెప్పి పో. టెంట్ మాత్రం వద్దు.

ఏనుగులు. మా వైపు చంద్రగిరి, భాకరాపేట చుట్టుపక్కల మామిడితోటల్లోకి, అరటి తోటల్లోకి, వరి కయ్యల్లోకి వస్తానే ఉంటాయి, పలమనేరు వైపు కౌండిన్య ఏనుగుల అభయారణ్యం సంగతి చెప్పే పనే లేదు. 2025లో శివరాత్రికి ముందు రైల్వేకోడూరు వైపు గుండాలకోన దగ్గర అడవిలో నడిచిపోతా ఉండిన భక్తుల మీద పడి ముగ్గురిని చంపేసినాయి, వాళ్ళు గుంపుగానే పోయినారు, చీకట్లో పోయినారు అంతే. ఏనుగు ఎంత పెద్దదైనా నడిస్తే చప్పుడు రాదు, చీకట్లో పది అడుగుల దూరంలో నిలబడినా నీకు తెలీదు. సాయంత్రం ఆరు తర్వాత, తెల్లవారుజామున అడవి అంచు రోడ్ల మీద సైకిల్ తొక్కొద్దు. సైకిల్‌కి ఇంజన్ చప్పుడు ఉండదు కదా, మోటారు బండి వస్తే దూరం నుంచే దానికి తెలుస్తాది, నువ్వు మలుపు తిరిగేసరికి ముఖాముఖి అయిపోతారు.

చిరుత సంగతి నీకు తెలిసిందే, తిరుపతోడివి కదా. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ళ పాపని ఎత్తుకుపోయింది. అంత జనం తిరిగే మెట్లదారిలోనే అట్ల అయింది.

ఇంకొకటి, భాకరాపేట ఘాట్. 2022 మార్చిలో పెళ్ళి నిశ్చితార్థానికి వస్తా ఉండిన బస్సు లోయలో పడింది ఆడనే. మలుపులు సన్నం, లారీలు దిగేటప్పుడు లోపలి వైపుకి కోసేస్తాయి. సైకిల్ మీద పగలు పోవచ్చు, రాత్రి మాత్రం వద్దే వద్దు.

ఘాట్‌రోడ్డు_అన్న:

పైన అన్న చెప్పింది నూటికి నూరు కరెక్ట్. నేను హార్స్‌లీ హిల్స్ మూడుసార్లు లోడుతో ఎక్కినా కాబట్టి సైకిల్ విషయం చెప్తా.

ముందు ఒక పని చెయ్యి, నీ సైకిల్‌కి చైన్ తిరిగే పళ్ళ చక్రాల్లో ముందు చిన్నదానికి ఎన్ని పళ్ళు ఉండాయో, వెనక పెద్దదానికి ఎన్ని ఉండాయో లెక్కపెట్టు. వెనకవి ముందు వాటితో సమానంగా ఉన్నా, ఎక్కువ ఉన్నా లోడుతో ఘాట్ ఎక్కొచ్చు. ఉదాహరణకి ముందు 28 వెనక 28 అనుకో, పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం ఒక చుట్టే తిరుగుతాది, అంటే రెండు మీటర్ల పైన రొంత, నిమిషానికి అరవై చుట్లు తొక్కితే గంటకి ఏడున్నర కిలోమీటర్లు. నడిచే మనిషి కంటే రొంత జాస్తి అంతే. ఆ స్పీడుకి సిగ్గుపడొద్దు, అదే కరెక్ట్ స్పీడు. మొదటి మలుపులోనే లేచి నిలబడి తొక్కినోళ్ళు నాలుగో మలుపులో దిగి తోసుకుంటా ఉంటారు, నేను మొదటిసారి అట్లనే చేసినా.

సామాను బరువంతా వెనక క్యారియర్ మీద ఒకే మూటగా పైకి పైకి కట్టొద్దు. బరువైనవి, అంటే నీళ్ళు, పనిముట్లు, కింద, రెండు పక్కలా సమానంగా వేలాడాల. ఒక పక్క బరువు ఎక్కువైతే నిదానంగా ఎక్కేటప్పుడు హ్యాండిల్ ఊగిపోతాది. పన్నెండు కిలోలు దాటనీయొద్దు, నీళ్ళు నాలుగు లీటర్లు అంటేనే నాలుగు కిలోలు పోయినాయి గుర్తు పెట్టుకో. వెనక చక్రం పుల్లలు అన్నీ ఒకసారి షాపులో టైట్ చేయించు, లోడుకి ముందు తెగేవి అవే.

పంచర్లు. మన వైపు కంప చెట్ల ముళ్ళు ఎంత పొడుగు ఉంటాయో తెలుసు కదా, రోడ్డు పక్కకి దిగి సైకిల్ తోసుకుంటా చేలోకి పోయినావంటే అయిపోయింది. రెండు ట్యూబులు, ప్యాచీలు, పంపు. టెంట్ దగ్గరికి సైకిల్‌ని ఎత్తుకుపో, దొర్లించొద్దు. ఈ ఒక్క మాట విను.

దిగేటప్పుడు బ్రేకు పట్టుకునే ఉండొద్దు, రిమ్ బ్రేకులైతే వేడెక్కి ట్యూబు పేలే అవకాశం ఉంటాది. మలుపుకి ముందు గట్టిగా పట్టి వదిలెయ్యి, మళ్ళీ పట్టు. వెనక ముందు రెండూ మార్చి మార్చి వాడు. కొత్త ప్యాడ్లు వేయించి పో.

సంక్రాంతి తర్వాత అన్నావు, మంచి టైము. మనకి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం వానలు, 2021 నవంబరులో తిరుపతి ఎట్ల మునిగిందో చూసినాం, అప్పుడు వాగుల పక్క, కొండల కింద టెంట్ అనే మాటే ఎత్తొద్దు. ఫిబ్రవరి దాటితే ఎండ, అడవిలో మంటలు. మధ్యలో ఈ రెండు నెలలే మనవి. చలి లెక్క కూడా చెప్తా, వెయ్యి మీటర్లు ఎత్తుకి పోతే ఆరు డిగ్రీల పైన తగ్గుతాది, తిరుపతిలో రాత్రి 18 ఉంటే కొండ మీద 12 దాకా వస్తాది. దుప్పటి కంటే కింద వేసే మ్యాటు ముఖ్యం, చలి నేల నుంచి వస్తాది. టెంట్‌కి గాలి పోయే కిటికీలు ఉంటే తెరిచిపెట్టు, మూసేస్తే నీ ఊపిరే నీళ్ళై పైనుంచి కారుతాది.

వాయల్పాడు_పిల్ల:

నేను టీచర్‌ని, మాది వాయల్పాడు, ఇప్పటికి రెండు రాత్రులు ఒక్కదాన్నే సైకిల్ మీద పోయి టెంట్‌లో ఉన్నా, రెండూ మదనపల్లె చుట్టుపక్కలే. ఈ థ్రెడ్‌లో ఎవ్వరూ చెప్పనిది ఒకటి చెప్పాల. టెంట్ యాడ వేసుకోవాలి అనే దానికి మ్యాపులో జవాబు దొరకదు అన్నా, మనుషుల దగ్గర దొరుకుతాది.

నేను సాయంత్రం నాలుగున్నరకే తొక్కడం ఆపేస్తా. ఊర్లో చిల్లర అంగడి దగ్గర టీ తాగతా, నేను ఎవరు, యాడి నుంచి వచ్చినా, యాడికి పోతా ఉండా అని వాళ్ళు అడగకముందే చెప్తా. ఆ తర్వాత "రాత్రికి ఎవరిదన్నా చేలో గుడారం వేసుకుని పొద్దున్నే పోతా, ఎవర్ని అడగాల" అంటా. పావుగంటలో ఎవరో ఒకరు మా చేలో ఉండు అంటారు, చాలామంది ముందు ఇంట్లోకే రమ్మంటారు. చీకటి పడినాక అడిగితే అదే మనుషులు తలుపు కూడా తీయరు, వాళ్ళ తప్పు ఏం లేదు. దొంగగా ఎవరికీ తెలీకుండా వేసుకుంటే కుక్క మొరిగిన ప్రతిసారీ గుండె కొట్టుకుంటాది, అడిగి వేసుకుంటే అదే కుక్క మనకి కాపలా. ఆడపిల్లలు ఎవరన్నా ఇది చదువుతా ఉంటే, నేను ముసలవ్వ ఉండే ఇల్లు చూసుకుని వాకిట్లో వేసుకుంటా, చేలోకి పోను.

పాముల గురించి ఎవరూ రాయలేదు. మన వైపు నేల మీద పడుకునేవాళ్ళకి ఎక్కువ భయం కట్లపాము. రాత్రి తిరుగుతాది, కరిచినా నొప్పి పెద్దగా ఉండదు, నిద్రలో కరిచింది కూడా తెలీకపోవచ్చు. జిప్పు పూర్తిగా మూసే టెంట్ అయితే ఆ భయం చాలావరకు లేదు, దోమతెర జిప్పు మాత్రం ఎప్పుడూ తెరిచి పెట్టొద్దు. షూస్ లోపల పెట్టుకో. రాత్రి లేస్తే టార్చి లేకుండా అడుగు వేయొద్దు. ఒకవేళ ఏమన్నా కరిస్తే కోయడం, తాడు కట్టడం, మంత్రం, ఇవేం వద్దు, కదలకుండా 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి పోవాల, విషానికి మందు ఆడనే ఉంటాది.

తిండికి స్టవ్వు మోయాల్సిన పని లేదు. బొరుగులు, చెనిక్కాయ ఉండలు, నాలుగు చపాతీలు, ఊరిబిండి ఒక డబ్బా, ఓఆర్ఎస్ ప్యాకెట్లు నాలుగు. ఎండు చేలల్లో, కొండ కింద మంట వేయొద్దు, వేరేవాళ్ళ పైరు అది.

అమ్మకి ఎట్ల చెప్పాలి అన్నారు కదా, ఉండే చోటు, ఆ చేను వాళ్ళ ఫోన్ నంబరు సాయంత్రమే పంపండి. మా అమ్మ మొదటిసారి ఆ అవ్వతో పది నిమిషాలు మాట్లాడింది, ఆ తర్వాత నిద్రపోయింది.

తిరుపతి_పెడల్:

ఇంత వివరంగా చెప్తారని అనుకోలేదు, అందరికీ చాలా థ్యాంక్స్. తలకోన వదిలేసినా. పళ్ళు లెక్కపెట్టినా అన్నా, ముందు 28, వెనక 28, కరెక్ట్‌గా మీరు చెప్పిందే. హార్స్‌లీ హిల్స్ మీదికే మనసు పోతా ఉండాది కానీ దూరం?

ఘాట్‌రోడ్డు_అన్న:

పోయేటప్పుడు ట్రైన్‌లో పో. పాకాల ధర్మవరం లైను, మదనపల్లె రోడ్ స్టేషన్‌లో దిగు, అది ఉండే ఊరినే సీటీఎం అంటారు. సైకిల్‌ని పార్సిల్ ఆఫీసులో బుక్ చేయాల, నీ పేరు, ఎక్కే దిగే స్టేషన్లు అట్టముక్క మీద రాసి కట్టాల, గంట ముందే పో. చిన్న స్టేషన్‌లో ట్రైన్ ఎక్కువసేపు ఆగదు, దిగిన వెంటనే పార్సిళ్ళు పెట్టే బ్రేక్ వ్యాన్ పెట్టె దగ్గరికి పరిగెత్తాల. మదనపల్లె దాదాపు 700 మీటర్ల ఎత్తు, అంటే ఎక్కాల్సిందాంట్లో సగం ట్రైనే ఎక్కిస్తాది. తిరిగి వచ్చేటప్పుడు సైకిల్ మీద రా, తిరుపతి వైపు మొత్తం మీద పల్లమే. ఇంకో మాట, లోడుతో కొండ ఎక్కొద్దు. కింద ఊర్లో పడుకుని, సామాను ఆడనే పెట్టి, తెల్లారి ఖాళీ సైకిల్‌తో ఎక్కు.

తిరుపతి_పెడల్ (మూడు వారాల తర్వాత):

పోయొచ్చినా! చెప్తానని మాట ఇచ్చినా కాబట్టి మొత్తం రాస్తా, రొంత పొడుగు అవుతాది.

శనివారం సీటీఎంలో దిగేసరికి మధ్యాన్నం దాటింది, సైకిల్ చేతికి వచ్చింది, హ్యాండిల్ పక్కకి తిరిగి ఉండింది అంతే, అలెన్ కీతో సరిచేసుకున్నా. అంగళ్ళు అనే ఊరి మీదుగా పోతా ఉంటే రోడ్డుకి రెండు పక్కలా టమాటా, కట్టెలు పాతి తీగలు కట్టిన చేలు, దూరంగా ఆ కొండ నీలంగా కనపడతానే ఉంటాది, ఎంత తొక్కినా దగ్గరికి రాదు. నాలుగున్నరకి కొండకి ముందు ఒక పల్లెలో ఆగినా. అక్క చెప్పినట్టే టీ తాగి, అడగకముందే అంతా చెప్పేసినా. నిజంగానే పావుగంట పట్టలేదు, ఒక పెద్దాయన మా చేలో మోటారు రూము పక్కన ఉండు నాయనా అన్నాడు.

ఆడ పెద్ద చింతచెట్టు ఉండింది, కింద నేల చదునుగా, నీడగా, నేను సంతోషంగా దాని కిందే టెంట్ పరిచినా. ఆయన భార్య వచ్చి చూసి, చింతచెట్టు కింద రాత్రిపూట మనిషి పడుకుంటాడా, లెయ్ నాయనా లెయ్, అని తనే ఒక పక్క పట్టుకుని రూము గోడ పక్కకి జరిపించింది. నాకు ఆ నమ్మకాలు లేవు కానీ ఎదురు చెప్పలేదు, పాత చెట్టు, ఎండుకొమ్మలు కూడా ఉండాయి పైన, మంచిదే అయింది. రాత్రికి రాగిసంగటి, చెనిగిత్తనాల చట్నీ ఇచ్చింది. డబ్బులు ఇస్తే తీసుకోలేదు. అమ్మకి ఫోన్ కలిపి ఇచ్చినా, ఇద్దరూ పిల్లల పెళ్ళిళ్ళ దాకా మాట్లాడుకున్నారు.

ఎనిమిదిన్నరకి వాళ్ళు ఇంటికి పోయినారు. ఇప్పుడు అసలు సంగతి. ఒక్కడినే ఉండాలని నేనే కదా కోరుకుంది, కానీ ఆ టార్చి లైటు దూరంగా పోయి పోయి మలుపులో ఆరిపోయినాక నా ఒళ్ళు జలదరించింది. పదింటికి పడుకున్నా, నిద్ర రాలేదు. ఆకు కదిలినా ఏదో నడిచినట్టే ఉండాది. అర్ధరాత్రి దాటినాక గోడ అవతల డబ్ అని పెద్ద చప్పుడు, వెంటనే హోరు, ఆ తర్వాత టెంట్ చుట్టూ నేల మీద బుస్సు బుస్సు అని! లేచి కూర్చున్నా, గొంతు ఎండిపోయింది, ఎంతసేపు అట్ల కూర్చున్నానో తెలీదు. చివరికి టార్చి వేసి దోమతెర లోంచి చూస్తే డ్రిప్పు పైపులు. కరెంటు వచ్చి ఆటోస్టార్టర్ మోటారుని ఆన్ చేసింది, పైపుల్లో గాలి పోయి నీళ్ళు వస్తా ఉండాయి. అది తెలిసినాక ఆ మోటారు చప్పుడే నాకు తోడు అయింది, దాన్ని వింటానే నిద్రపోయినా.

తప్పు ఒకటి చేసినా. భయంతో టెంట్ కిటికీలు అన్నీ మూసేసినా, అన్న చెప్పింది గుర్తుండి కూడా. నాలుగున్నరకి మెలకువ వచ్చేసరికి పైనుంచి చుక్కలు కారతా ఉండాయి, స్లీపింగ్ బ్యాగ్ కాళ్ళ వైపు తడిసిపోయింది. చలికి వణికిపోయినా. మ్యాటు మాత్రం కాపాడింది.

తెల్లగా వెలుగు వచ్చేదాకా ఆగి, సామానంతా మోటారు రూములో పెట్టి ఖాళీ సైకిల్‌తో ఎక్కినా. ఆ గేరు, ఆ నిమిషానికి అరవై చుట్లు, అదే లెక్క, మొదట్లో చానా నిదానం అనిపించింది కానీ ఒక్కసారి కూడా దిగి తోయలేదు. సగం ఎక్కినాక కింద పల్లెలన్నీ మంచులో మునిగి చింతచెట్ల తలలు మాత్రం కనపడతా ఉండాయి, నేను ఆడ పది నిమిషాలు నిలబడిపోయినా, ఫోటో కూడా తీయలేదు. పైన గాలిబండల దగ్గర గాలికి సైకిల్ పట్టుకుని నిలబడడమే కష్టం. 1859లో నాటిన నీలగిరి చెట్టు ఉండాది కదా, కల్యాణి అంటారు, దాన్ని చూసినా. కడప కలెక్టర్‌గా చేసిన హార్స్‌లీ దొర ఇల్లు కట్టుకున్నాడని ఆ పేరు వచ్చింది కానీ మా పెద్దాయన మాత్రం రాత్రి మాట్లాడినంతసేపు ఏనుగుమల్లమ్మ కొండ అనే అన్నాడు, ఏనుగులు మేపి పెంచిన మల్లమ్మ అనే పిల్ల కథ చెప్పినాడు. నాకు ఆ పేరే బాగుండాది.

దిగి, సంగటి మళ్ళీ తిని, పది దాటినాక బయల్దేరినా. మదనపల్లె, వాయల్పాడు, కలికిరి, పీలేరు. పల్లం అన్నారు కానీ ఎదురుగాలి బాగా తగిలింది. పీలేరు వచ్చేసరికి నాలుగు అయింది. భాకరాపేట ఘాట్ చీకట్లో దాటాల్సి వస్తాదని లెక్క వేసుకుని, సైకిల్‌ని పీలేరులో మా చిన్నాయన వాళ్ళింట్లో పెట్టి బస్సులో వచ్చేసినా. తర్వాతి ఆదివారం పగలు పోయి తొక్కుకొచ్చుకున్నా, ఘాట్‌లో లారీలు లోపలికి కోయడం కళ్ళారా చూసినా, మీరు చెప్పింది నిజం అన్నా.

పంచర్ ఒక్కటి, అది కూడా చేలోకి సైకిల్ దొర్లించినప్పుడే.

కొత్తగా_చేరినా:

అన్నా మొత్తం చదివినా, నాకూ పోవాలని ఉండాది, మాది చిత్తూరు. టెంట్ లేదు, దోమతెర, టార్పాలిన్ ఉండాయి, సరిపోతాయా?

వాయల్పాడు_పిల్ల:

చేలో అయితే వద్దు తమ్ముడూ, కింద మూసుకోని దోమతెరలోకి పాము దూరుతాది. ఎవరి ఇంటి అరుగు మీదన్నా, గుడి మండపంలో అన్నా మంచం మీద పడుకునేటట్టు అయితే దోమతెర అంచులు పరుపు కిందికి దోపి పడుకో, అది చాలు. చిత్తూరు నుంచి అయితే మొగిలి ఘాట్, పలమనేరు వైపు రాత్రికి పోవద్దు, అది ఏనుగుల దారి. అరగొండ వైపు పగలు పోయిరా ముందు.

తిరుపతి_పెడల్:

నా టెంట్ తీసుకుపో తమ్ముడూ, వచ్చే నెల దాకా నాకు పని లేదు. తిరుపతి వస్తే మెసేజ్ పెట్టు. ఎండలో ఆరబెట్టి పెట్టినా.